కరెంటు పోతేనే సాధన

మా అయ్యవారు పోయారన్న కబురు ఫోనులో వచ్చింది. చెప్పింది ఆయన కూతురు. "అన్నా, నాయన పొద్దన్నే కాఫీ తాగినాడు. గ్లాసు కింద పెట్టి గోడకు ఆనుకున్నాడు. అంతే" అంది. ఆ గొంతులో ఏడుపు లేదు. ఏడవడం అప్పటికే అయిపోయి, ఇంకా ఎవరెవరికి చెప్పాలన్న పని మిగిలినట్టుంది. నేను తిరువళ్లూరులో ఉంటాను, ఆయన తిరుత్తణిలో. రైల్లో గంట ప్రయాణం. ఆ గంటా కిటికీ పక్కన కూర్చుని, ఆయన ఫిడేలు మీద నేర్పిన వర్ణాన్ని మనసులో వాయించుకుంటూ పోయాను. మొదటి నుంచి కాదు, చివరి నుంచి. ఎందుకో చెబుతాను.

ఆ రోజు ఆ ఇంట్లో జరిగింది కూడా చెబుతాను గానీ, ముందు ఆ తర్వాత జరిగిన సంస్మరణ సభ సంగతి చెప్పాలి. ఇది రాయడానికి కూర్చున్నది దాని వల్లే.

తిరుత్తణిలో ఒక కల్యాణ మండపంలో సభ పెట్టారు. అయ్యవారి ఫోటోకి దండ వేశారు. ఒక పెద్దమనిషి మైకు ముందుకు వచ్చాడు. ఆయన పేరు రాయను. రాస్తే దానికి కూడా ఎవరో ఒకరు శాలువా కప్పుతారు. తాను గురువుగారికి ప్రథమ శిష్యుణ్ణని చెప్పుకున్నాడు. "గురువుగారు మా చేత రోజుకు పది గంటలు సాధన చేయించేవారు. వేళ్లు తెగి రక్తం కారుతున్నా ఆపనిచ్చేవారు కాదు. ఆ తపస్సు ఈ కాలం పిల్లలకు ఏం తెలుసు?" అన్నాడు. చప్పట్లు మోగాయి. నేను చివరి వరసలో కూర్చున్నాను, కొట్టలేదు.

ఆ పెద్దమనిషి అయ్యవారి దగ్గర ఉన్నది ఒక ఎండాకాలం. ఆయన మానేసిన రోజు నేను అక్కడే ఉన్నాను. "పాట ఎప్పుడు నేర్పిస్తారు సార్?" అని అడిగాడు.

"పాట ఎందుకురా?" అన్నారు అయ్యవారు.

"ఇంటికి చుట్టాలు వస్తే వాయించాల కదా సార్."

"చుట్టాలు వస్తే కాఫీ ఇయ్యి. ఫిడేలు ఎందుకు?"

ఆ పైవారం నుంచి ఆయన రాలేదు. వారానికో పాట నేర్పే ఇంకో మాస్టారును చూసుకున్నాడు. అది ఆయన ఇష్టం. ఇన్నేళ్లకు ప్రథమ శిష్యుడై తిరిగి రావడం కూడా ఆయన ఇష్టమే అనుకుందాం. పోయినవాళ్ల మీద ఏం చెప్పినా చెల్లుతుంది, లేచి కాదనరు. కానీ ఆ సభలో పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చిన తల్లిదండ్రులు ఉన్నారు. నా ముందు వరసలో ఒక తండ్రి తన కూతురి వైపు తిరిగి, "విన్నావా? పది గంటలు!" అన్నాడు. ఆ పిల్ల తన వేళ్లు చూసుకుంది. ఆ పిల్ల ఫిడేలు మానేస్తే ఆ పాపం అయ్యవారి ఖాతాలో పడుతుంది. అది నేను పడనివ్వను.

అయ్యవారు ఎవరినీ పది గంటలు కూర్చోబెట్టలేదు. ఒకే పట్టున గంటసేపు వాయిస్తే తిట్టేవారు. "చెయ్యి మరిచిపోదురా. తప్పును కూడా మరిచిపోదు" అనేవారు. అలసిన చెయ్యి తప్పు వాయిస్తుంది, వాయించిన ప్రతి తప్పూ అది నేర్చుకున్న కొత్త పాఠమే అవుతుందని ఆయన లెక్క.

ఆయనది పళ్ళిపట్టు దగ్గర పల్లె, సేద్యం చేసుకునే కుటుంబం. తిరుత్తణిలో హైస్కూల్లో తెలుగు అయ్యవారుగా చేరి, మా వీధిలో ఇల్లు అద్దెకు తీసుకున్నారు. శనివారం బడి వదలగానే రైలెక్కి మద్రాసు పోయి, ఒక విద్వాంసుడి దగ్గర ఫిడేలు నేర్చుకునేవారు. ఆదివారం సాయంత్రం తిరిగి వచ్చేవారు. నేర్చుకున్నది మాకు నేర్పేవారు. నేర్చుకుంటూ నేర్పేవాడు మంచి గురువు కాడని అప్పట్లో కొందరు అన్నారు. నాకు తెలిసి ఆయన బలమంతా అక్కడే ఉంది. ఎక్కడ కష్టమో ఆయన వేళ్లకు ఇంకా గుర్తుండేది.

అది మరమగ్గాల వీధి. డెబ్భైల్లో మాట నేను చెప్పేది. ప్రతి ఇంటి వెనకా షెడ్డు, షెడ్డులో మగ్గాలు, లుంగీలు, తువ్వాళ్లు. కరెంటు ఉన్నంతసేపూ వీధి వీధంతా ఒకటే మోత. పక్కన నిలబడ్డవాడితో మాట్లాడాలన్నా చెవి దగ్గర అరవాలి. ఫిడేలు నేర్పే మనిషి ఏరికోరి ఈ వీధికే వచ్చాడేమిటని జనం నవ్వారు. బడి దగ్గర, అందుకు వచ్చారు. ఇంకే కారణమూ లేదు.

పాఠం చెప్పేటప్పుడు ఆయన ఊరికే కూర్చునేవారు కాదు. చాటలో చిన్న ఉల్లిపాయలు, మా వైపు ఎర్రగడ్డలంటాం, పెట్టుకుని, సాంబారుకు ఒలిచిపెట్టేవారు. మేము వాయిస్తుంటే ఆయన మా వైపు చూసేవారు కాదు. గోరుతో పొట్టు తీస్తూ ఉండేవారు. తప్పు రాగానే ఎర్రగడ్డ చేతిలో ఆగిపోయేది. నోరు మాత్రం తెరిచేవారు కాదు. తప్పు ఏమిటో మేమే వెతుక్కోవాలి. దొరికితే పొట్టు మళ్లీ రాలేది. ఆయన భార్య లోపలి నుంచి, "ఈ పొద్దు ఎవురుడా పాఠానికి వచ్చినేది? నా సాంబారు ఇంక అయ్యేట్లు లేదు!" అని కేక వేస్తే, ఆ పూట మా సాధన ఎలా ఏడ్చిందో మాకు అర్థమయ్యేది.

మా ఇంట్లో నాలుగు మగ్గాలు ఉండేవి. నేను ఎస్సెల్సీ అయ్యాక మగ్గం దగ్గర నిలబడ్డాను. మద్రాసులో సంగీత కళాశాలలో చేరాలని నా ఆశ. దానికి ఎండాకాలం చివర అక్కడికి పోయి ముగ్గురు విద్వాంసుల ముందు వాయించాలి, వాళ్లు ఎంపిక చేయాలి. నాయనను అడగడానికి నెల పట్టింది. అడిగితే ఒక్క మాటలో తేల్చాడు.

"ఒక్క తూరి పొయి రా. తీసుకుంటే చదువుకో. తీసుకోలేదంటే ఫిడేలు పెట్టెలో పెట్టి అటక మీద ఎక్కిచ్చాల. మళ్లీ ఆ మాట ఈ ఇంట్లో ఎత్తకూడదు. సరేనా?"

"సరే నాయనా."

నాయన చెడ్డవాడు కాదు. నాలుగు మగ్గాలకు ఇద్దరు మనుషులం, లెక్క అది. నాకు మాత్రం ఆ ఎండాకాలం దాటితే ఇక జీవితం లేదు.

అందుకని ఎంత వీలైతే అంత వాయించాను. నా వంతు పని కాగానే షెడ్డులోనే మూలన చాప వేసుకుని, కల్యాణి రాగంలో వర్ణం మొదలుపెట్టేవాణ్ణి. మొదటి నుంచి చివరిదాకా, మళ్లీ మొదటి నుంచి చివరిదాకా. మగ్గం కొట్టే దెబ్బ నాకు తాళం. ఆ దెబ్బ మీద ఫిడేలు కమాను ఎక్కించేస్తే చాలు, లయ దానంతట అదే వచ్చేది. రెట్టింపు వేగంతో వాయించే రెండో కాలం కూడా గుర్రంలా పరిగెత్తేది. నాకు చాలా గర్వంగా ఉండేది. ఎదురింటి మామ, అంటే మా అమ్మ తమ్ముడు, వాకిట్లోంచి తొంగిచూసి అరిచేవాడు. "ఏమిరా అల్లుడా! మగ్గం కచ్చేరి చేస్తా ఉంటే నువ్వు పక్కవాద్యమా?"

మామ నోటికి వీధి అంతా భయపడేది. నేనూ భయపడ్డాను గానీ, ఆ మాటలో నిజం ఎంత ఉందో అప్పుడు తెలియలేదు.

ఒక సాయంత్రం అయ్యవారు మా ఇంటికి వచ్చారు. "వర్ణం యాడికి వచ్చింది? వాయించు, విందాం" అని షెడ్డులోనే పీట వేసుకుని కూర్చున్నారు. నాయన కూడా నిలబడ్డాడు. నేను పల్లవి ఎత్తుకున్నాను. మగ్గాల మోతలో నా ఫిడేలు నాకే సగం వినపడుతోంది, అయినా వేళ్లు పోతున్నాయి. అనుపల్లవి అయింది, చరణంలోకి వచ్చాను. ఇంతలో కరెంటు పోయింది.

వీధిలో మగ్గాలన్నీ ఒకదాని వెంట ఒకటి ఆగిపోయాయి. కాసేపు నా కమాను మాత్రం పోతూనే ఉంది. తర్వాత పలుపు తెంచుకున్న దూడలా పరుగెత్తింది. ఎంత ఆపినా ఆగలేదు. లయ తప్పింది. అంతకంటే ఘోరం, ఆ నిశ్శబ్దంలో నా ఫిడేలు నేను మొదటిసారి విన్నాను. గాంధారం ఉండాల్సినదానికంటే కిందికి ఉంది. ఎన్ని వారాలుగా అలా ఉందో దేవుడికే తెలియాలి. ఆపేశాను.

ఎదురింట్లోంచి మామ నవ్వు వినపడింది. ఆ నిశ్శబ్దంలో అదీ స్పష్టంగానే వినపడింది.

"ఇంతసేపూ వాయించింది నువ్వు కాదురా, మగ్గం" అన్నారు అయ్యవారు.

నాయన ముఖం నల్లబడింది. "అంటే వీడు పనికిరాడా అయ్యవారూ?"

"పనికొస్తాడు. కరెంటు రోజూ పోతా ఉండాది కదా?"

"పోతా ఉండాది. ఆ సంగతి ఎందుకు ఎత్తుతారు లెండి."

"పోయినప్పుడు మాత్రమే వాయించమనండి. కరెంటు ఉన్నప్పుడు ఫిడేలు ముట్టకూడదు."

నాయనకు ఇది వేళాకోళంలా తోచింది. "ఎప్పుడు పోతాదో, పోయింది ఎంతసేపటికి వస్తాదో ఎవురికి తెలుసు? ఒక్కోనాడు నీళ్లు తాగేలోపల వచ్చేస్తాది."

"అదే కావాల్సింది" అన్నారు అయ్యవారు. "అప్పుడు కానీ ముందు ఏది వాయించాలో వీనికి తెలీదు."

నాకు అర్థం కాలేదు. అయినా కాదనే ధైర్యం లేదు. మర్నాడు మధ్యాహ్నం కరెంటు పోయింది. చేతులు తుడుచుకుని, ఫిడేలు తీసి, శ్రుతి చేసుకుని పల్లవి మొదలుపెట్టాను. చరణంలోకి వచ్చేసరికి మగ్గాలు మోగాయి. మర్నాడూ అంతే. ఆ పైరోజు అనుపల్లవి దాకానే వచ్చాను. ఏడుపు ముఖంతో అయ్యవారి దగ్గరికి పోయాను.

"సార్, ఇట్ల అయితే నేను చివరిదాకా ఎప్పుడూ పోలేను."

ఆయన ఎర్రగడ్డ ఒలుస్తూనే అడిగారు. "పుండు యాడుండాది?"

"చివరి స్వరంలో సార్. రెండో కాలంలో వేళ్లు చిక్కుకుంటా ఉండాయి."

"మందు యాడ పూస్తా ఉండావు?"

"పల్లవి నుంచి మొదలుపెడతా ఉండాను సార్."

"పల్లవి నీకు నిద్రలో కూడా వస్తాది. ఆడ పుండు లేదు. ఒళ్లంతా పూసుకుంటా వస్తే, పుండు కాడికి వచ్చేలోపల సీసా ఖాళీ అయిపోతాది. బాగా వచ్చేది వాయించుకునేది సాధన కాదురా అబ్బోడా. అది సంబరం. సంబరం చేసుకునేదానికి ఇది టయిము కాదు."

అప్పటి నుంచి వర్ణాన్ని తోక దగ్గర పట్టుకున్నాను. కరెంటు పోగానే చివరి స్వరంలో, అంటే చివరి స్వరాల వరసలో, చివరి సగం. ముందు ఫిడేలు లేకుండా నోటితో పాడాలి. నోటికి రానిది వేలికి రాదని ఆయన మాట. తర్వాత వేళ్లు వదిలేసి, ఒట్టి తీగ మీద కమానుతో ఆ నడక మాత్రం నడిపించాలి. తర్వాత కమాను వదిలేసి, వేళ్లు మాత్రం తీగ మీద నడిపించాలి. చివరికి రెండూ కలపాలి, నత్త నడకన. ఆ ముక్క సరిగ్గా వచ్చాక, దాని ముందు ముక్క తీసుకుని దీనికి అతకాలి. తర్వాత దాని ముందుది. కరెంటు రాగానే స్వరం మధ్యలో ఉన్నా సరే ఆపెయ్యాలి. మిగిలింది మగ్గం దగ్గర నిలబడి మనసులో వాయించుకోవాలి. ఆ మోతలో బయట ఏదీ వినపడదు కాబట్టి లోపలిది బాగా వినపడేది.

ఇలా నేర్చుకున్నవాడికి ఒక లాభం ఉంది. మొదటి నుంచి నేర్చుకున్నవాడు వాయించేకొద్దీ తనకు సరిగా రాని చోటికి పోతుంటాడు, అడుగడుగునా భయం పెరుగుతుంది. చివరి నుంచి నేర్చుకున్నవాడు వాయించేకొద్దీ బాగా తెలిసిన చోటికి వస్తుంటాడు. ఊరి నుంచి ఇంటికి వస్తున్నట్టుంటుంది. ఆ తర్వాత నా జీవితంలో సాధన గురించి చాలా పుస్తకాలు చదివాను, పెద్దపెద్ద వాళ్లు రాసినవి. వాళ్లు పేజీలకు పేజీలు రాసి చేరుకున్న చోటు ఇదే.

వచ్చిన తంటా ఏమిటంటే, కరెంటు పోవడం మా వీధికి తిండి పోవడం. మగ్గం ఆగితే గుడ్డ లేదు, గుడ్డ లేకపోతే కూలి లేదు. అందరూ ఇళ్ల ముందు తిన్నెల మీదికి వచ్చి తిట్టుకుంటూ కూర్చునేవారు. సరిగ్గా అప్పుడే మా ఇంట్లో ఫిడేలు మొదలయ్యేది. నా మనసులో మాట చెప్పాలంటే, కరెంటు ఎప్పుడు పోతుందా అని నేను రోజంతా ఎదురుచూసేవాణ్ణి. అది ముఖంలో కనపడేదేమో.

మామ ఒకనాడు మా వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు. "ఒరే, మా కడుపు కాలతా ఉంటే నీకు కచ్చేరా? వీడు కొండ మీద సామికి మొక్కుకున్నాడు వదినా, రోజూ కరెంటు తియ్యమని!"

మా అమ్మను అందరి ముందూ వదినా అని ఎగతాళిగా పిలవడం ఆయన అలవాటు, సొంత అక్క అయినా. అమ్మ నవ్వేసింది. వీధిలో కొందరు మాత్రం నవ్వలేదు. ఆ పిల్లోడు ఫిడేలు పట్టుకున్నప్పటి నుంచే కరెంటు కోత ఎక్కువైందని నిజంగానే అనుకున్నారు. రెండు రోజులకు నాయన నన్ను పిలిచి, "వీధిలో మాట వస్తా ఉండాది. కొన్నాళ్లు ఆపెయ్యి" అన్నాడు. మద్రాసు పోవడానికి అప్పటికి ఎన్నో రోజులు లేవు. ఆపేస్తే అటకే.

అయ్యవారికి చెప్పాను. ఆ సాయంత్రం కరెంటు పోగానే ఆయన తిన్నగా మామ తిన్నె మీదికి పోయి కూర్చున్నారు. నన్ను ఎదురుగా మా తిన్నె మీద ఫిడేలుతో కూర్చోమన్నారు.

"మగ్గం ఆగినప్పుడు మీరేం చేస్తా ఉంటారు?" అని మామను అడిగారు.

"ఏం చేస్తాము అయ్యవారూ? కరెంటోళ్లను తిడతా ఉంటాము."

"తిట్టండి. ఊరికే తిట్టేదానికంటే తాళంలో తిట్టండి. వీనికి పనికొస్తాది."

తిన్నెల మీద ఉన్నవాళ్లు నవ్వారు. అయ్యవారు మామ చెయ్యి పట్టుకుని, తొడ మీద ఆదితాళం వేయించారు. దెబ్బ, వేళ్లు, తిప్పుడు. మామకు చప్పున పట్టుబడింది. మగ్గం మనిషి కదా, లయ ఒంట్లోనే ఉంది. "ఇప్పుడు వాడు వాయిస్తాడు" అన్నారు అయ్యవారు. "నువ్వు తప్పు తాళం వెయ్యాల. ఒక తూరి బిరాన వెయ్యి, ఒక తూరి నిదానంగా వెయ్యి. మధ్యలో ఎగ్గొట్టు. వాణ్ణి ఎట్లయినా పడగొట్టాల. అదే నీ పని."

మామకు ఇంత నచ్చిన పని అంతకుముందు ఎవరూ చెప్పలేదు. కళ్లు మెరిశాయి. నేను చివరి స్వరం ఎత్తుకున్నాను, మామ తొడ మీద దెబ్బ వేశాడు. ఒకటి బిరాన, ఇంకోటి నిదానంగా. రెండో ఆవర్తనంలోనే పడిపోయాను. వీధి గొల్లున నవ్వింది. "పోదుం పోదుం, ఇంక చాలు, ఫిడేలు పెట్టెలో పెట్టురా!" అని మామ సగం అరవంలో ఎగిరాడు. మళ్లీ ఎత్తుకున్నాను. మళ్లీ పడ్డాను.

మర్నాటి నుంచి కరెంటు పోగానే మామే పిలవడం మొదలుపెట్టాడు. "రారా అల్లుడా, పడుదువు గాని!" తిన్నెల మీద వాళ్లు పందేలు కాసుకున్నారు. నా ఫిడేలు వల్ల కోత వస్తోందన్న మాట ఎవరూ ఎత్తలేదు. తాళం బయట కాదు, లోపల ఉండాలని అయ్యవారు ఎన్నిసార్లు చెప్పినా తలకెక్కలేదు గానీ, మామ తొడ చప్పుడు ఆ పని చేసింది. ఒకరోజు మామ అన్ని విద్యలూ ప్రయోగించాడు. నేను పడలేదు. చివరి స్వరం అయిపోయి చరణం అందుకున్నాను. మామ చెయ్యి గాల్లోనే ఆగింది. "వీడు చెవిటోడై పొయినాడు!" అన్నాడు. అయ్యవారు నా వైపు చూడకుండా లేచి ఇంట్లోకి పోయారు. అది ఆయన మెచ్చుకోలు. ఇంతకంటే ఎక్కువ ఎవరికీ ఇవ్వలేదు.

మద్రాసులో ఆ గదిలో ముగ్గురు విద్వాంసులు కూర్చున్నారు. పొద్దుటి నుంచి విని విని వాళ్ల ముఖాలు వాడిపోయాయి. పైన ఫ్యాను ఒక తిప్పుకోసారి టక్కుమంటోంది. నా ముందు పోయినవాళ్లలో కొందరు బయటికి వచ్చి కళ్లు తుడుచుకున్నారు. నేను పల్లవి ఎత్తుకోగానే ఒకాయన చెయ్యి అడ్డం పెట్టాడు. "ఇది అందరూ బాగానే వాయిస్తారు. చివరి స్వరం రెండో కాలంలో వాయించు, అక్కడి నుంచి చరణానికి రా." ఇంకొకాయన పెన్సిలుతో బల్ల మీద తాళం వేస్తున్నాడు, నిద్రమత్తులో ఒకటి అటూ ఒకటి ఇటూ. ఫ్యాను తన లెక్కలో తాను టక్కుమంటోంది. నాకు లోపల నవ్వు వచ్చింది. మామ ముందు వీళ్లెంత? చివరి స్వరం వాయించి ఇంటికి వచ్చినట్టు చరణానికి వచ్చాను.

ఎంపికైనట్టు తెలిసిన రోజున నాయన, "సరే. పో" అని మగ్గం వైపు తిరిగాడు. చాలాసేపు ఇటు తిరగలేదు. మామ మాత్రం వీధంతా తిరిగి, తన తాళం మహిమ చెప్పుకున్నాడు.

తర్వాత నా కథ చెప్పుకోవలసినది కాదు. చదివాను, తిరువళ్లూరులో బడిలో సంగీతం నేర్పాను, పక్కవాద్యం వాయించాను. అయ్యవారికి మాత్రం ఈ ప్రాంతం చేసినది చెప్పాలి. ఎనభైల్లో ఒక సంగీత సభ వాళ్లు నా ఒత్తిడి మీద ఆయనను ఉత్సవంలో వాయించడానికి పిలిచారు. ఏ వేళ ఇచ్చారంటే, ఆకులు వేసి జనానికి వడ్డిస్తున్న వేళ. మైకు కూడా సగంలో వచ్చింది. నేను పోయి అడిగితే ఆ సభ కార్యదర్శి, "మగ్గాల వీధి ఫిడేలే కదా, ఆయనకు చప్పుడు అలవాటే" అన్నాడు. నేను ఊరుకోలేదు. ఆ సభ మళ్లీ నన్ను పిలవలేదు, నేనూ దాని గడప తొక్కలేదు. ఆ మాట అన్నవాడిని ఇప్పటికీ క్షమించలేదు. తిరుగు బస్సులో అయ్యవారు ఏమన్నారో తెలుసా? "తినేవాళ్లు బాగా తాళంలో నమిలినార్రా." నాకు నవ్వు రాలేదు. ఆయన ఒక్కరే నవ్వుకున్నారు.

ఈ సంగతి నేను ఆయన దగ్గర చాలాసార్లు ఎత్తాను. ఆఖరుసారి ఆయనను చూడడానికి పోయినప్పుడు కూడా ఎత్తాను. వయసు మీదపడి గోళ్లలో బలం లేదు, అయినా చాటలో ఎర్రగడ్డలు ఉన్నాయి. సభ, ఆకులు, కార్యదర్శి, మొదటి నుంచి మొదలుపెట్టాను. ఆయన చేతిలో ఎర్రగడ్డ ఆగింది.

"ఏంది సార్, నేను చెప్పిందాంట్లో తప్పేమి?"

"తప్పు లేదు. బాగా వచ్చేసింది నీకు. ఇన్ని ఏండ్లుగా మొదటి నుంచి చివరిదాకా వాయిస్తా ఉండావు కదా. బాగా వచ్చేది వాయించుకునేది ఏమని చెప్పినాను?"

"సంబరం అన్నారు."

"రాంది ఏదో అది చెయ్యి."

రానిది ఏమిటో ఆయన చెప్పలేదు. నేను అడగలేదు. అది నాకు ఇంకా రాలేదని, ఈ వ్యాసం మొదట్లో ఆ పెద్దమనిషి గురించి చదివినప్పుడే మీకు తెలిసి ఉంటుంది.

ఇక ఆయన పోయిన రోజు సంగతి.

స్టేషన్లో దిగి వీధికి పోయేసరికి మోత వినపడుతోంది. వీధిలో ఇప్పుడు మగ్గాలు దాదాపు లేవు. షెడ్లు గోడౌన్లయ్యాయి. ఇనుము రేటుకు మగ్గాలు అమ్మేసుకున్నారు. మిగిలినవి మామ మగ్గాలు. అవి ఆడుతున్నాయి. మా వీధిలో ఒక కట్టుబాటు ఉండేది: ఈ వీధి మనిషి పోతే శవం లేచేదాకా మగ్గం ఆడకూడదు. కానీ అది మగ్గం ఇళ్లకు. అయ్యవారు అద్దెకు వచ్చిన మనిషి, బడి మనిషి. ఆయనకు ఆ కట్టు వర్తిస్తుందని ఎవరూ అనుకోలేదు. నేను మాత్రం అనుకున్నాను. అనుకుని, ఆ మోత వింటూ, మామ మీద ఆ ఎగతాళుల నాటి పాత కోపమంతా నెమరు వేసుకుంటూ గడప దాటాను.

అయ్యవారిని ముందు గదిలో పడుకోబెట్టారు. ఆయన భార్య గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. నన్ను చూసి, "చాటలో సగం ఒలిచి పెట్టి పొయినాడు నాయనా" అంది. తర్వాత మేకుకు తగిలించిన ఫిడేలు పెట్టె వైపు చూసింది. "ఒక తూరి వాయించు. ఆయన వింటాడు."

పక్కన ఎవరో ముసలాయన గొణిగాడు. "సావింట్లో ఫిడేలా?"

"ఈ ఇంట్లో రోజూ ఉండేదే కదా" అంది ఆవిడ.

పెట్టె తీసి, బిరడాలు తిప్పి శ్రుతి చేయబోయాను. ఎదుటి మోతలో శ్రుతి వినపడలేదు. మళ్లీ తిప్పాను. తీగ ఏం పలుకుతోందో తెలియలేదు.

అప్పుడు మోత ఆగింది.

కరెంటు పోయిందనుకుని తల ఎత్తాను. అయ్యవారి తల దగ్గర బల్బు వెలుగుతూనే ఉంది. పైన ఫ్యాను తిరుగుతోంది. వాకిట్లోకి చూస్తే, వీధికి అడ్డంగా మామ వస్తున్నాడు, కర్ర పట్టుకుని, ఒక్కో అడుగూ వేస్తూ. వెనక అతని షెడ్డు తలుపు తెరిచి ఉంది. లోపల మగ్గం మీద లైటు, లైటు కింద సగం నేసిన గుడ్డ, పడుగు దారాల మధ్య అటూ ఇటూ తిరుగుతూ ఆగిపోయిన నాడె.

మామ వచ్చి అయ్యవారి కాళ్ల దగ్గర కూలబడ్డాడు. నా వైపు చూడలేదు.

"కరెంటు పోయిందనుకోరా" అన్నాడు. "వాయించు."

శ్రుతి చేసుకుని చివరి స్వరం ఎత్తుకున్నాను, నత్త నడకన. మామ చెయ్యి లేచింది. ముడతలు పడ్డ చెయ్యి, సన్నబడిన తొడ. నన్ను పడగొట్టడానికి ఏం చేస్తాడోనని, ఇన్నేళ్లయినా, నా వీపు బిగుసుకుంది. దెబ్బ పడింది. తర్వాత వేళ్లు. తర్వాత తిప్పుడు. ఒక్కటి కూడా బిరాన పడలేదు, ఒక్కటి కూడా నిదానం కాలేదు. వెలుగుతున్న బల్బు కింద, ఆగిన మగ్గాలకు ఎదురుగా, చరణానికి వచ్చేదాకా మామ తాళం తప్పలేదు.